సెకండ్ హ్యాండ్ చిన్న కారు కొంటున్నారా? గేర్‌బాక్స్ ఏ రకమో ఇలా కనిపెట్టండి

విజయవాడ బెంజ్ సర్కిల్ దాటేలోపు క్లచ్ తొక్కీ తొక్కీ మోకాలు పట్టేస్తోందని, ఈసారి ఆటోమేటిక్ కొందామని మా బావగారు ఓ చిన్న కారు చూశారు. "ఆటోమేటిక్ అండీ, క్లచ్ గొడవే లేదు" అన్నాడు అమ్మినాయన. రెండు నెలలు తిరక్కుండా కోటప్పకొండ ఘాట్‌లో ఇంజిన్ గొంతు పెంచింది గానీ బండి ఎక్కలేదు. పైగా కాలిన వాసన. ఆటోనగర్‌లో గేర్‌బాక్స్ దించి చూస్తే లేదన్న క్లచ్ ప్లేటే చేతికొచ్చింది. లైనింగ్ మొత్తం అరిగిపోయి రివెట్లు తళతళలాడుతున్నాయి.

ఆటోమేటిక్ అన్న ఒక్క మాట కింద ఏఎంటీ (క్లచ్ పని యంత్రమే చేసే మాన్యువల్), టార్క్ కన్వర్టర్ (క్లచ్ ప్లేటు బదులు ఆయిల్ ద్వారా శక్తి అందేది), సీవీటీ (గేర్ల బదులు బెల్టు), డీసీటీ (రెండు క్లచ్‌లున్నది) అని నాలుగు రకాలున్నాయి. ఒక్కోటి ఒక్కోలా పాడవుతుంది. అందుకే ధర మాట్లాడేముందు ఏ రకమో తేల్చుకోండి.

1. గేర్ రాడ్ చూడండి

డ్రైవర్ సీట్లో కూర్చుని ముందు పెడల్స్ లెక్కపెట్టండి. మూడుంటే మాన్యువల్. రెండే ఉండి, రాడ్ దగ్గర 'పీ' (పార్కింగ్) అక్షరం లేకుండా ఆర్, ఎన్, డీ (టాటా బండ్లలో డీ బదులు ఏ), పక్కన ప్లస్ మైనస్ గుర్తులు ఉంటే చిన్న కార్లలో అది దాదాపుగా ఏఎంటీయే. మారుతి దీన్నే ఏజీఎస్ అంటుంది, 2014లో సెలేరియోతో తెచ్చింది. 'పీ' ఉంటే మిగతా మూడింట్లో ఒకటి. రాడ్ మాన్యువల్‌లాగే ఉండి క్లచ్ పెడల్ మాత్రం లేకపోతే అది ఐఎంటీ, గేర్లు మీరే వేయాలి.

మోడల్ పేరు ఒక్కటే నమ్ముకోవద్దు. బాలెనో ఆటోమేటిక్ 2022 మోడల్ మార్పుకు ముందు సీవీటీ, ఆ తర్వాత ఏఎంటీ. పాత గ్రాండ్ ఐ10లో టార్క్ కన్వర్టర్, దాని తర్వాతి నియోస్‌లో ఏఎంటీ. తయారైన సంవత్సరం ఆర్సీలో చూసుకోండి.

2. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి

పొద్దున్నే వస్తాం, స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకోరోజు రండి. గేర్‌బాక్స్ లోపాలు కొన్ని చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి.

3. రకాన్ని బట్టి నడిపి చూడండి

ఏఎంటీ లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని మీ కాలికి బదులు యాక్చుయేటర్ అనే పరికరం చేస్తుంది. ట్రాఫిక్‌లో పాకించిన బండికి ప్లేటు తొందరగా పోతుంది. దీనికి మంచి పరీక్ష అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు. వెనక ఎవరూ లేకుండా చూసుకుని మధ్యలో ఆపి, మళ్లీ పైకి పోనివ్వండి. కాస్త వెనక్కి జారడం, గేరు మారేటప్పుడు తల ముందుకు ఊగడం దీని సహజం. గడగడ వణికినా, కాలిన వాసనొచ్చినా, ఆర్పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) పెరిగి బండి కదలకపోయినా క్లచ్ అయిపోయినట్టే. క్లచ్ ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. మాన్యువల్‌కూ ఇదే పరీక్ష. అదనంగా థర్డ్ గేర్‌లో నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కి చూడండి, ఆర్పీఎం పెరిగి బండి వేగం అందుకోకపోతే క్లచ్ జారుతున్నట్టే.

టార్క్ కన్వర్టర్ అయితే బ్రేక్ తొక్కిపట్టి ఆర్ నుంచి డీకి మార్చండి. దడేల్‌మన్నా, గేరు పడటానికి రెండు మూడు సెకన్లు పట్టినా అనుమానించండి. మైలేజీ తక్కువే అయినా పాత బండి కొనేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే, గట్టిది.

సీవీటీలో గేర్లుండవు, రెండు పుల్లీల మధ్య బెల్టు. ఇంజిన్ అరుస్తుండగా వేగం నిదానంగా అందుకుంటుంది, అది లోపం కాదు. తక్కువ వేగంలో కుదుపు, కీచుమనే శబ్దం మాత్రం లోపాలే. కంపెనీ చెప్పిన సీవీటీ ఆయిలే పోశారా అన్నది సర్వీస్ రికార్డులో వెతకండి.

డీసీటీ నడపడానికి ఎంత హాయో రిపేరుకు అంత ఖరీదు. 2020కి ముందు వచ్చిన పోలో జీటీ టీఎస్‌ఐలాంటి డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్) బండ్లను పూర్తి సర్వీస్ చరిత్ర లేకుండా ముట్టుకోవద్దనే నా సలహా.

4. వరదలో మునిగిందేమో చూడండి

2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఎన్నో బండ్లు మునిగాయి. గేర్‌బాక్స్‌కు గాలి ఆడే చిన్న గొట్టం ఉంటుంది, నీళ్లు దానిగుండా కూడా లోపలికి పోగలవు. అంతకుముందు తయారైన బండి అయితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ వివరాలు అడగండి. సీటు పట్టాలకు తుప్పు, కార్పెట్ కింద ఒండ్రు ఉన్నాయేమో చెయ్యి పెట్టి చూడండి. అడ్వాన్స్ ఇచ్చేముందు మీకు తెలిసిన మెకానిక్‌తో లిఫ్ట్ మీద పెట్టించి, గేర్ ఆయిల్ నాలుగు చుక్కలు తెల్లగుడ్డ మీద వేయించండి. పాలు కలిసినట్టు కనిపిస్తే నీళ్లు చేరినట్టే, బేరం అక్కడే వదిలేయండి.