ఎండాకాలంలో అమ్మానాన్నలతో గ్రాండ్ కాన్యన్ వెళ్తున్నారా?

మే నెల వస్తే అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లకు అమ్మానాన్నలు, అత్తమామలు వస్తుంటారు. పిల్లలకు స్కూలు సెలవులు మొదలవుతాయి. లాస్ వేగాస్‌లో దిగి, కారు అద్దెకు తీసుకుని డెత్ వ్యాలీ ఎడారి, గ్రాండ్ కాన్యన్ అనే పెద్ద లోయ, యాంటిలోప్ కాన్యన్ అనే ఇరుకు రాతి సందులు చుట్టేసి రావడం మనవాళ్లకు బాగా అలవాటైన టూరు. చూడాల్సిన చోట్లే, కాదనను. కాకపోతే మనం వెళ్లే జూన్, జులై నెలలే అక్కడ అన్నిటికన్నా కష్టకాలం.

ఎండ గురించి చెబితే పెద్దవాళ్లు నవ్వుతారు. "బెజవాడ ఎండలు చూసినవాళ్లం, ఇదో లెక్కా" అని మా నాన్న కూడా అన్నారు. బెజవాడలో చెమట కారుతుంది, చొక్కా తడుస్తుంది, నీళ్లు తాగాలని అనిపిస్తుంది. అక్కడిది పొడి గాలి. చెమట పట్టీ పట్టగానే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీరు తగ్గుతున్న సంగతే తెలియదు. తలనొప్పో, వికారమో మొదలయ్యాక తెలుస్తుంది. దాహం వేసేదాకా ఆగకుండా కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండాలి.

మన అమ్మలు నీళ్లు ఎందుకు తాగరో మనకు తెలిసిందే. దారిలో బాత్రూమ్ ఉంటుందో లేదోనని టెన్షన్. "బాగా నీళ్లు తాగమ్మా" అని పదిసార్లు చెప్పినా లాభం ఉండదు. తర్వాత ఆగబోయే చోట బాత్రూమ్ ఉందని, ఎంతసేపట్లో చేరతామో బయల్దేరేటప్పుడే చెప్పండి. అప్పుడు తాగుతారు. ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు తాగడమూ మంచిది కాదు, ఒంట్లో ఉప్పు పడిపోతుంది. ఊరి నుంచి తెచ్చిన జంతికలు, చేగోడీలు ఇక్కడ నిజంగా పనికొస్తాయి. బీపీకి ఒంట్లో నీరు తీసే మాత్ర వాడేవాళ్లుంటే ప్రయాణానికి ముందే డాక్టర్ని అడగండి. ఇన్సులిన్‌ను మాత్రం ఆపి ఉంచిన కారులో వదలకండి.

ఇక గ్రాండ్ కాన్యన్. సౌత్ రిమ్, అంటే లోయ దక్షిణపు అంచు, సుమారు 7,000 అడుగుల ఎత్తులో ఉంటుంది. పైన చల్లగాలి వీస్తుంటే లోయలోకి దిగే బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్ అనే కాలిబాటలో ఓ నాలుగడుగులు దిగుదామనిపిస్తుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కిన మోకాళ్లే కదా అని ధైర్యం. కానీ తిరుమలలో ముందు ఎక్కుతాం, అలిసిపోయాక దిగడమో, బస్సెక్కడమో. ఇక్కడ అంతా తలకిందులు. ముందు హాయిగా దిగిపోతాం, కాళ్లు అలిసిపోయాక, ఎండ ముదిరాక ఎక్కాలి. పైగా కిందికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది. లోయ అడుగున వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. దిగడానికి పట్టిన సమయానికి రెట్టింపు ఎక్కడానికి పడుతుందని లెక్క వేసుకోండి. ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా లోపల నడవొద్దని పార్కువాళ్లే చెబుతారు. ఒకే రోజులో లోయ అడుగున పారే కొలరాడో నది దాకా వెళ్లి రావాలన్న ఆలోచన కుర్రాళ్లకైనా వద్దు. పెద్దవాళ్లతో అయితే అసలు దిగకుండా, అంచు వెంట ఉచిత షటిల్ బస్సులో తిరగడమే నాకు నచ్చిన పద్ధతి. చూడాల్సినదంతా పైనుంచే కనిపిస్తుంది.

అంచున చాలా చోట్ల రెయిలింగ్ ఉండదు. ఫొటో కోసం వెనక్కి అడుగులు వేయడం, ఫోన్ చూస్తూ నడవడం రెండూ మానాలి. గ్రూప్ ఫొటో అంటే పిల్లల చెయ్యి ఎవరు పట్టుకోవాలో ముందే అనుకోండి.

డెత్ వ్యాలీని వేసవిలో వదిలేసినా నష్టం లేదంటాను. 1913 జులై 10న అక్కడి ఫర్నెస్ క్రీక్‌లో నమోదైన 56.7 డిగ్రీలే అధికారికంగా ఇప్పటికీ ప్రపంచ రికార్డు. తప్పదనుకుంటే తెల్లవారుజామున వెళ్లి, కారు దగ్గరే ఉండి చూసి వచ్చేయండి. చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. జీపీఎస్ చూపించిందని మట్టిరోడ్డు పట్టొద్దు. కారు ఆగిపోతే దాని దగ్గరే ఉండాలి.

యాంటిలోప్ కాన్యన్‌కు ఎండ భయం తక్కువ, వరద భయం ఎక్కువ. జులై నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వానలు. ఎక్కడో మైళ్ల దూరంలో కురిసిన వాన ఆ ఇరుకు సందుల్లోకి గోడలా వచ్చి పడుతుంది. 1997 ఆగస్టు 12న అలాగే 11 మంది చనిపోయారు. నెత్తిన ఆకాశం నీలంగానే ఉన్నా గైడ్ టూరు రద్దు చేశాడంటే వాదించొద్దు.

పెద్దవాళ్ల ఇన్సూరెన్స్ కాగితాల్లో పాత జబ్బుల గురించి ఏం రాశారో బయల్దేరే ముందే చదవండి. ఆపదలో ఆస్పత్రికి తీసుకెళ్లడానికి హెలికాప్టర్ రావాల్సి వస్తే ఖర్చు మామూలుగా ఉండదు.

"మాకేం పర్వాలేదు, పదండి" అనే మాటను లెక్కలోకి తీసుకోవద్దు. మన ప్లాను చెడుతుందని అమ్మానాన్నలు అలుపు దాచుకుంటారు. "అలిసిపోయావా?" అని అడగకుండా "నాకు కాసేపు కూర్చోవాలనుంది" అనండి, వెంటనే కూర్చుంటారు.

టైము సంగతి ఒకటి ఉంది. గ్రాండ్ కాన్యన్, యాంటిలోప్ కాన్యన్ ఉన్న ఆరిజోనా రాష్ట్రంలో చాలావరకు వేసవికి గడియారం గంట ముందుకు మార్చరు, అక్కడి ఆదివాసులైన నవాహోల ప్రాంతంలో మారుస్తారు. యాంటిలోప్ కాన్యన్ పక్కనున్న పేజ్ ఊరి దగ్గర ఫోన్ ఒక్కోసారి గంట ముందుకు దూకుతుంది. టూరు ఏ టైము ప్రకారమో బుకింగ్ అప్పుడే అడిగి రాసిపెట్టుకోండి.