బాడీ మౌంట్ బుష్‌లు అరిగితే: రబ్బరు వేయాలా, పాలీయూరిథేన్ వేయాలా?

సమస్య: స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడో గట్టిగా బ్రేకు వేసినప్పుడో సీటు కింద నుంచి టక్కుమని శబ్దం వస్తుంది. తలుపును కాస్త పైకెత్తితే తప్ప పడదు. ముందు బంపరుకూ గ్రిల్లుకూ మధ్య సందు ఒక పక్క తగ్గిపోతుంది.

కారణం: థార్, బొలెరో, గూర్ఖా వంటి బండ్లలో బాడీ నేరుగా, అడుగునున్న ఇనుప చట్రమైన ఛాసిస్‌పై ఆనదు, మధ్యలో దిమ్మల్లాంటి బుష్‌లు ఆ బరువును మోస్తూ అదురును మింగుతాయి. శబ్దం వినగానే షాక్ అబ్జార్బర్లు మార్చేస్తుంటారు గానీ, ముందుగా చక్రాలకు అడ్డు పెట్టి, బండి కిందికి టార్చి వేసి చూడాలి. బుష్ పక్కలకు ఉబ్బి, గోటితో నొక్కగానే పగుళ్లు విచ్చుకుంటుంటే, లేదా ఇనుప రాడ్డుతో బాడీని కొద్దిగా ఎత్తినప్పుడు వాషర్ వదులుగా కదులుతుంటే, దోషం అక్కడే ఉంది.

బుష్ కొనే ముందు, అది కూర్చునే ఇనుప బ్రాకెట్టును పరీక్షించండి. విశాఖలో ఇది తప్పనిసరి. భీమిలి బీచ్ రోడ్డు పరిసరాల్లో నిలిపే బండ్లకు ఉప్పుగాలి తగులుతూనే ఉంటుంది. దానికి తోడు పాడేరు, వంజంగి దారుల బురద బ్రాకెట్టు మూలల్లో చేరి తడిని పట్టి ఉంచుతుంది. సుత్తితో తట్టినప్పుడు తుప్పు పెచ్చులుగా రాలితే, ముందు వెల్డింగ్ పని పూర్తి కావాలి. కుళ్లిన ఇనుముపై ఎంత ఖరీదైన బుష్ వేసినా డబ్బు దండగే.

పరిష్కారం: రోజూ నగరంలో తిరుగుతూ, వారాంతాల్లో అరకు ఘాట్ ఎక్కే బండికి రబ్బరు బుష్‌లే మేలని నా నిశ్చితాభిప్రాయం. రాళ్ల దారిలో ఛాసిస్ మెలితిరిగినప్పుడు రబ్బరు సాగి ఆ మెలికను కొంతవరకు తనలోనే ఇముడ్చుకుంటుంది. గట్టి ప్లాస్టిక్ లాంటి పదార్థమైన పాలీయూరిథేన్ అంతగా సాగదు కనుక, ఆ ఒత్తిడిలో ఎక్కువ భాగం బాడీ రేకు మీద పడుతుంది, డీజిల్ ఇంజను అదురు కూడా క్యాబిన్‌లోకి ఎక్కువగా వస్తుంది. అయితే ఇంజనాయిలుకు రబ్బరు మెత్తబడి ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. ఈ రెండింటినీ పాలీయూరిథేన్ బాగా తట్టుకుంటుంది. బరువైన సామగ్రితో తరచూ కొండదారుల్లో నడిపే బండికి, బాడీ ఊగకూడదనుకుంటే, అదే తగినది. పాలీయూరిథేన్ రెండు రకాలు: వాటిలో పాలీయెస్టర్ రకం వేడికీ తేమకూ క్రమంగా క్షీణిస్తుంది కాబట్టి, మన తీరానికి పాలీఈథర్ రకాన్నే అడిగి తీసుకోవాలి.

ఏది వేసినా మొత్తం సెట్టు ఒకేసారి మార్చాలి. రెండు రకాలనూ కలిపితే బరువు సమంగా పడదు. ఒక పక్క బోల్టులు తీసి, రెండో పక్కవి వదులు చేసి, జాకీపై చెక్క దిమ్మ పెట్టి బాడీని నెమ్మదిగా ఎత్తాలి. రేడియేటర్ గొట్టాలు, బ్రేకు పైపులు, స్టీరింగ్ షాఫ్టు, ఎర్త్ వైరు లాగినట్టు అవుతున్నాయా అని ఒకరు చూస్తూ ఉండాలి. బాడీ పూర్తిగా దిగాకే, మాన్యువల్‌లో చెప్పిన బిగింపు బలం, అంటే టార్క్‌తో బోల్టులు బిగించాలి. పాలీ బుష్‌లు కీచుమనకుండా బిగింపుకు ముందే సిలికాన్ గ్రీజు రాయాలి.