సంక్రాంతికి ఊరెళ్లి పాత పహాణీల్లో (ఊరి భూమి రికార్డుల్లో) ముత్తాతల్ని వెతికేముందు

- పేరు కలిసిందని వంశవృక్షంలో రాసేయకండి. మనవడికి తాత పేరు పెట్టడం మన ఆచారం, రెండు తరాలు ఒకే మనిషిలా కనబడతాయి. ఇంటిపేరుతో పాటు తండ్రి పేరూ చూడండి. ఈ పొరపాటుతోనే మా వంశవృక్షంలో ఒక ముత్తాతగారు చాలాకాలం లేకుండా పోయారు.

- రికార్డుల్లో ఉండే ఫసలీకి (పాత రెవెన్యూ సంవత్సరానికి) 590 కలపండి, ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1364 ఫసలీ అంటే 1954-55, తెలంగాణలో భూముల వివరాలు రాసిన ఖాస్రా పహాణీ నాటిది.

- నిజాం కాలపు సేత్వార్ (భూసర్వే రిజిస్టరు) ఉర్దూలో ఉంటుంది. చదవగలిగిన పెద్దాయన్ని ముందే మాట్లాడుకోండి.

- పాత సర్వే నంబరు రాసుకోండి. 45 కాస్తా 45/అ, 45/ఆ అయిన చోట చాలాసార్లు అన్నదమ్ముల పంపకం బయటపడుతుంది.

- పాత పట్టాల్లో ఆడవాళ్ల పేర్లు తక్కువ. అమ్మమ్మల కోసం పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూముల దస్తావేజులు అడగండి.