ఆస్తమా ఉన్నవాళ్లు పరిగెత్తే ముందు, ఆగిన తర్వాత

పరిగెత్తేటప్పుడు బాగానే ఉండి, ఆగిన 5-10 నిమిషాలకు ఛాతీ పట్టేసి పిల్లికూతలు వస్తుంటే, స్టామినా లేదనుకుని వదిలేయకండి, అది వ్యాయామం వల్ల రేగిన ఆస్తమా కావచ్చు. వ్యాయామంలో నోటితో వేగంగా గాలి పీలుస్తాం కదా, ముక్కు ఆ గాలిని వెచ్చబరిచి తడిచేసే అవకాశం ఉండదు, పొడిగాలి నేరుగా లోపలికెళ్లి శ్వాసనాళాల లోపలి పొరలోని తడిని లాగేస్తుంది, దాంతో అక్కడి కణాలు హిస్టమిన్, ల్యూకోట్రయీన్‌ల వంటి రసాయనాలు వదులుతాయి, చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. సాధారణంగా గంటలోపు సర్దుకుంటుంది.

అందుకే వార్మప్ అస్సలు మానొద్దు. 10-15 నిమిషాలు, నడకతో మొదలుపెట్టి మధ్యమధ్యలో అరనిమిషం వేగం పెంచి తగ్గిస్తూ చేయండి. కొందరిలో ఆ తర్వాత గంటా రెండు గంటల దాకా నాళాలు అంతగా బిగుసుకోవు. చలిగాలిలో ముక్కూ నోరూ పల్చని గుడ్డతో కప్పుకోండి. చివర్లో ఒక్కసారిగా ఆగిపోకుండా మెల్లగా వేగం తగ్గించండి.

డాక్టర్ సాల్‌బుటమాల్ (బిగుసుకున్న శ్వాసనాళాలను త్వరగా వదులు చేసే మందు) ఇన్‌హేలర్ వాడమని చెప్పి ఉంటే వ్యాయామానికి సుమారు 15 నిమిషాల ముందు తీసుకోండి. అది లేనిదే రోజూ కదల్లేకపోతున్నారంటే మాత్రం శ్వాసనాళాల లోపలి వాపు అదుపులో లేదేమో, డాక్టర్‌తో మాట్లాడాల్సిందే, ఆ వాపు తగ్గడానికి ఇచ్చిన రోజువారీ మందు సొంతంగా ఆపేయడం చాలా ప్రమాదం.

మధ్యలో ఆయాసం వస్తే ఆగి, నిటారుగా కూర్చుని ఆ సాల్‌బుటమాల్ ఇన్‌హేలర్ తీసుకోండి. అప్పటికీ తగ్గక, ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోతుంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.