పసిబిడ్డల ప్రథమ చికిత్స – 3వ పాఠం: వీపు మీద ఐదు, ఛాతీ మీద ఐదు

గత పాఠంలో పొలమారడానికీ, గొంతుకు అడ్డం పడడానికీ తేడా చెప్పుకున్నాం. బిడ్డ గట్టిగా దగ్గుతున్నా, ఏడుస్తున్నా గాలి ఆడుతున్నట్టే. కనిపెట్టుకుని ఉండి దగ్గనివ్వాలి. నోరు తెరిచినా ఏడుపు రాక, దగ్గులో శబ్దం లేక, పెదవులు నీలం తిరుగుతుంటే ఈనాటి పాఠం కావాలి. ఇది ఏడాదిలోపు బిడ్డలకే.

కార్తికం చివరి సోమవారం బెంగళూరు బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే వేరుశెనగకాయల జాతర, జరుగుతుంది. ఆ ఊళ్లోని మన తెలుగు ఇళ్లకూ అక్కడినుంచి వేరుశెనగకాయలు సంచులతో వస్తాయి. పెద్దలు కబుర్లాడుతూ ఒలుస్తుంటే ఒక గింజ చాప కిందికి దొర్లుతుంది. మర్నాడు దాన్ని కనిపెట్టేది పాకే బిడ్డే.

సాధనకు ఒక బొమ్మను గానీ, చుట్టిన తువ్వాలును గానీ తీసుకోండి. బిడ్డ మీద మాత్రం ఎన్నడూ సాధన చేయకండి.

కుర్చీలో కూర్చుని, బొమ్మను మీ ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టండి. ముంజేతిని తొడకు ఆనించండి. తల ఒంటికన్నా కిందికి ఉండాలి. దవడ ఎముకను వేళ్లతో పట్టుకోండి, గొంతును నొక్కకూడదు. ఇప్పుడు రెండో చేతి మణికట్టుకు ఆనుకుని ఉండే అరచేతి గట్టి భాగంతో, వీపు మీద రెండు రెక్కల మధ్య ఐదు దెబ్బలు వేయండి.

ఇక్కడే చాలామంది చేయి వెనకాడుతుంది. పొలమారితే మాడు మీద మెల్లగా తట్టి ‘ఎవరో తలుచుకుంటున్నారు’ అనడం మనకు అలవాటు. ఆ తట్టుడుకు గింజ కదలదు. దెబ్బ దెబ్బలాగే పడాలి. బొమ్మ మీద ఆ బలం అలవాటైతేనే బిడ్డ దగ్గర చేయి ఆగదు.

ఐదింటికీ రాకపోతే, తల వెనక చేయి ఉంచి, రెండు చేతుల మధ్య బిడ్డను వెల్లకిలా తిప్పండి. తల ఇంకా కిందికే ఉండాలి. ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద, అరచేతి అదే భాగంతో సుమారు 4 సెంటీమీటర్ల లోతుకు ఐదుసార్లు నొక్కండి. ఇదివరకు రెండు వేళ్లతో నొక్కమని నేర్పేవారు. 2025లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ దాన్ని మార్చింది. మళ్లీ వీపు, మళ్లీ ఛాతీ. అడ్డం బయటపడేదాకా, లేదా బిడ్డ ఏడ్చేదాకా ఆపవద్దు.

పొట్ట నొక్కకండి, లోపలి కాలేయం దెబ్బతింటుంది. కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయకండి. నీళ్లు పట్టకండి. కంటికి కనిపించని దానికోసం నోట్లో వేలు పెడితే అది ఇంకా లోపలికి పోతుంది.

మొదటి దెబ్బ వేసేటప్పుడే కేక వేయండి, పక్కింటివారైనా సరే 108కి ఫోను చేయాలి. ఊరినుంచి వచ్చిన అమ్మమ్మకు కన్నడం రాకపోవచ్చు. ‘మగుగె ఉసిరాడోకె ఆగ్తిల్ల’ (బిడ్డకు ఊపిరాడడం లేదు) అన్న మాటనూ, ఇంటి చిరునామానూ తెలుగు అక్షరాల్లో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి.

బిడ్డ స్పృహ తప్పి వాలిపోతే గట్టి చోట పడుకోబెట్టి 30 సార్లు ఛాతీ నొక్కడం, రెండుసార్లు శ్వాస ఇవ్వడం మొదలుపెట్టాలి. శ్వాస ఇచ్చే ముందు ప్రతిసారీ నోట్లో చూసి, కనిపించినదాన్నే తీయాలి. దాని వివరమంతా 4వ పాఠంలో.

గింజ బయటపడి బిడ్డ నవ్వుతున్నా, అదే రోజు డాక్టరుకు చూపించండి. ముక్క ఊపిరితిత్తిలో మిగిలి ఉండవచ్చు.

వచ్చే పాఠంలోపు రోజుకు ఐదుసార్లు బొమ్మను తిప్పండి. ఇంట్లో బిడ్డను ఎత్తుకునే ప్రతి ఒక్కరి చేతా తిప్పించండి.