గుర్రం ఎక్కేముందు: ట్రైనర్‌ని, బూట్లని ఎంచుకోవడంలో జాగ్రత్తలు

గుర్రపు స్వారీ నేర్చుకోవాలనుకునే వాళ్లందరికీ ముందుండే భయం ఒకటే, కిందపడతామేమోనని. పడటం ఉంటుంది. ఏళ్ల తరబడి స్వారీ చేస్తున్నవాళ్లూ పడుతూనే ఉంటారు. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. మనిషి కిందపడతాడు, పాదం మాత్రం రికాబులో, అంటే జీనుకి వేలాడే పాదం పెట్టుకునే ఇనుప కడియంలో ఇరుక్కుపోతుంది. బెదిరిన గుర్రం పరుగందుకుంటుంది. తన పక్కనే ఏదో ఈడ్చుకొస్తోందని ఇంకా బెదిరి, ఇంకా వేగం పెంచుతుంది. నాలుగైదు వందల కిలోల జంతువు అది. ఈ ఒక్క ప్రమాదాన్ని మనసులో పెట్టుకుంటే ట్రైనర్‌లో ఏం చూడాలో, బూట్లలో ఏం చూడాలో సగానికి సగం తెలిసిపోతుంది.

నా మొదటి క్లాసుకి నేను మామూలు వాకింగ్ షూస్‌తో వెళ్లాను. ఎవరూ ఏమీ అనలేదు. మూడో రౌండులో గుర్రం ట్రాట్, అంటే కుదుపుగా సాగే చిన్న పరుగు అందుకుంది. ఆ కుదుపుకి కుడి పాదం రికాబులోంచి చీలమండ దాకా ముందుకి జారిపోయింది. వెనక్కి లాగితే లేసుల ముడి ఇనుముకి పట్టుకుంది. గుర్రం నెమ్మదిగలది కాబట్టి దానంతటదే ఆగింది. కమిలిన చీలమండతో బయటపడ్డాను. షూస్ వేసుకెళ్లడం నా తప్పే. కానీ వాటితో నన్ను గుర్రం ఎక్కనిచ్చిన ట్రైనర్ తప్పు అంతకంటే పెద్దది. తర్వాత వేరేచోట చేరాను. అక్కడి ట్రైనర్ పలకరింపు అవగానే నా పాదాల వంక చూశారు. "హీలు ఉందా? ఏదీ, కాలెత్తి సోల్ చూపించండి" అన్నారు. ఆమె దగ్గర నేర్చుకోవచ్చని నాకు అప్పుడే అనిపించింది.

ఎక్కడైనా చేరేముందు డబ్బు కట్టకుండా ఒకసారి ఊరికే వెళ్లి, ఒక క్లాసు మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా చూడండి. చూడటానికి ఒప్పుకోకపోతే అక్కడితో ఆ చోటు మర్చిపోవచ్చు. పిల్లల్ని చేర్పించేవాళ్లయితే ఈ విషయంలో అస్సలు రాజీపడొద్దు. తల్లిదండ్రులు గట్టు మీద నిలబడి చూస్తుంటే ఇబ్బంది పడే ట్రైనర్ మనకొద్దు. కూర్చునే తీరు సరిచేయడానికి కాలో, నడుమో పట్టుకోవాల్సి వస్తే మంచి ట్రైనర్ ముందు అడిగి, ఎందుకో చెప్పి, అప్పుడు చెయ్యి వేస్తారు.

క్లాసులో ముందు గుర్రాన్ని చూడండి, ఆ తర్వాతే మనుషుల్ని. ట్రైనర్ దగ్గరికి రాగానే గుర్రం చెవులు వెనక్కి నొక్కిపెడుతోందా, తల పైకి ఎగరేస్తోందా, పక్కకి తప్పుకుంటోందా? అది ఆ మనిషి చేతిలో ఏదో అనుభవించిందన్నమాట. పక్కటెముకలు బయటపడ్డాయా, జీను కింద పుండ్లున్నాయా, తాగడానికి నీళ్లున్నాయా, గిట్టలు శుభ్రంగా ఉన్నాయా అన్నది కూడా చూడండి. వీపు నొప్పితో ఉన్న గుర్రం ఎంత మంచిదైనా ఏదో ఒకరోజు వీపు మీది బరువును విదిలించుకోవాలనే చూస్తుంది. ఆ రోజు పైన ఉండేది కొత్తగా చేరిన మీరే కావచ్చు.

జీనును పొట్ట కింద బిగించే పట్టీని గర్త్ అంటారు. అది వదులైతే జీను పక్కకి తిరిగిపోతుంది, దాంతోపాటు మీరూ. బిగించేటప్పుడు చాలా గుర్రాలు పొట్ట ఉబ్బిస్తాయి. నాలుగడుగులు నడిచాక మళ్లీ చూస్తే రెండు మూడు రంధ్రాలు లోపలికి వస్తుంది. అందుకని జాగ్రత్త తెలిసిన ట్రైనర్ మీరు ఎక్కబోయే ముందోసారి, కాసేపు నడిపించాక ఇంకోసారి గర్త్ సరిచూస్తారు. మీరు చూసిన క్లాసులో ఈ రెండోసారి జరిగిందా లేదా గమనించండి. పైకి చిన్నదే అయినా ట్రైనర్ గురించి బోర్డు మీది సర్టిఫికెట్ల కంటే ఎక్కువ చెబుతుంది.

సర్టిఫికెట్లు అక్కర్లేదని కాదు. చాలా దేశాల్లో ఈక్వెస్ట్రియన్ (గుర్రపు స్వారీ) సమాఖ్యలు కోచ్‌లకి దశలవారీగా పరీక్షలు పెడతాయి. బ్రిటిష్ హార్స్ సొసైటీ పరీక్షలకి బ్రిటన్ బయట కూడా గుర్తింపుంది. ఏ పరీక్ష, ఏ స్థాయి, ప్రథమ చికిత్సలో శిక్షణ ఉందా, బీమా ఉందా అని నేరుగా అడగండి. అడిగినందుకు నొచ్చుకునేవాళ్ల దగ్గర చేరకండి. పోటీల్లో పతకాలు తెచ్చుకున్నవాళ్లంతా నేర్పగలరన్న నమ్మకమూ పెట్టుకోవద్దు. మొదటిసారి ఎక్కినవాడి భయం చాలామంది పెద్ద రైడర్లకి గుర్తుండదు.

అసలు పరీక్ష వాళ్లు మిమ్మల్ని ఏం అడుగుతారన్నది. మీ బరువు, పాత దెబ్బలు, నడుము నొప్పి, వేసుకునే మందులు, గతంలో గుర్రం ఎక్కారా లేదా అన్నవి తెలుసుకోకుండా మీకు సరిపడే గుర్రాన్ని ఎవరూ ఇవ్వలేరు. జీనుతో కలిపి మోసే బరువు గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదన్నది చాలామంది పాటించే లెక్క. బరువు అడిగితే చిన్నబుచ్చుకోకండి, అది గుర్రం వీపు కోసం అడిగే ప్రశ్న.

మొదటి పాఠం ఎలా ఉండాలి? నేల మీద మొదలవ్వాలి. గుర్రానికి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది, నుదుటికి ఎదురుగా కొద్దిమేర, సరిగ్గా తోక వెనక మాత్రం కనిపించదు. కాబట్టి భుజం వైపు నుంచి, మాట వినిపిస్తూ దగ్గరికి వెళ్లడం, తాడును చేతికి చుట్టుకోకుండా పట్టుకోవడం ముందు నేర్పాలి. ఆ తర్వాత లాంజ్, అంటే గుర్రాన్ని పొడవాటి తాడుతో ట్రైనరే అదుపులో పెట్టుకుని గుండ్రంగా తిప్పుతుంటే మీరు కూర్చోవడం మీదే దృష్టి పెట్టడం. అరగంట చాలు, మర్నాడు తొడలు చెబుతాయి ఎంత కష్టపడ్డారో. అత్యవసరంగా దిగడం తొలి పాఠాల్లోనే రావాలి: రెండు పాదాలూ రికాబుల్లోంచి తీసేసి, ముందుకి వంగి, ఒక పక్కకి జారి దూకడం. ముందు నిలబడిన గుర్రం మీద, తర్వాత నడుస్తున్న గుర్రం మీద. ఇది నేర్పకుండా దౌడు తీయిస్తాననేవాళ్లకి, వారం రోజుల్లో గాలప్ గ్యారంటీ అనేవాళ్లకి ఒక దండం పెట్టి వచ్చేయండి. క్లాసు నడుస్తుండగా ఫోన్ చూసుకునేవాళ్లకి కూడా.

హెల్మెట్ గురించి ఒక్క మాట. గుర్రపు స్వారీకి చేసిందే కావాలి, సైకిల్‌దో బైక్‌దో కాదు. లోపల ఏఎస్‌టీఎం ఎఫ్1163, పీఏఎస్ 015 లాంటి ప్రమాణం ముద్ర చూడండి. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మళ్లీ వాడకూడదు.

ఇక బూట్లు. అన్నిటికంటే ముఖ్యం హీలు. రెండున్నర సెంటీమీటర్ల ఎత్తుండి, ముందుభాగం నిటారుగా అంచు తీరి ఉన్న హీలు కావాలి. పాదం ముందుకి జారినా ఆ అంచు రికాబు ఇనుముకి తగిలి ఆగుతుంది. స్పోర్ట్స్ షూస్‌లో ఆ అడ్డు లేదు. చెప్పులు, శాండిల్స్ సంగతి చెప్పక్కర్లేదు, గుర్రం పొరపాటున తొక్కితే వేళ్లు మిగలవు.

సోల్ దాదాపు నున్నగా ఉండాలి. ట్రెక్కింగ్ బూట్లకి హీలుంటుంది కదా అని కొందరు అవే వేసుకొస్తారు. వాటి కింద ఉండే లోతైన గాట్లు ఇనుముని కరిచిపట్టుకుంటాయి, పడేటప్పుడు పాదాన్ని వదలవు. వానకాలం గమ్‌బూట్లదీ ఇదే ఇబ్బంది, పైగా అవి వెడల్పు. ముందుభాగంలో ఉక్కు తొడుగున్న బూట్లు లాయం పనికి బాగానే ఉంటాయి కానీ, ఉబ్బెత్తు ముక్కు రికాబులో బిగుసుకోవచ్చు. స్వారీకి నేనైతే వద్దంటాను.

బూటు ఎంత మంచిదైనా రికాబు దానికి సరిపోకపోతే లాభం లేదు. బూటు వెడల్పైన చోట రికాబులో పెట్టి చూస్తే రెండు వైపులా కలిపి రెండున్నర సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. మా ట్రైనర్ కుడివైపు ఒక వేలు, ఎడమవైపు ఒక వేలు దూర్చి చూసేవారు. వేలు దూరకపోతే పాదం బిగుసుకుంటుంది, రెండేసి వేళ్లు దూరితే పాదం మొత్తం అవతలికి జారిపోతుంది. పిల్లల్ని పెద్దల జీను మీద కూర్చోబెట్టేచోట జరిగేది ఈ రెండోదే. పిల్లలకి ఒక పక్క రబ్బరు బ్యాండు ఉండే సేఫ్టీ రికాబులు అడగండి. పడితే ఆ బ్యాండు ఊడి పాదాన్ని వదిలేస్తుంది. బ్యాండు ఉన్న వైపు బయటికి ఉండాలి, తిరగేసి తగిలిస్తే ప్రయోజనం లేదు.

మొదట్లోనే మోకాళ్ల దాకా వచ్చే పొడవు బూట్లు కొనొద్దు. చీలమండ దాటి వచ్చే పొట్టి తోలు బూట్లు, వాటి పైన పిక్కల చుట్టూ తొడుక్కునే హాఫ్ చాప్స్ చాలు. రికాబు పట్టీ పిక్కల్ని గిల్లకుండా ఉంటుంది, స్వారీ మానేసినా నష్టం తక్కువ. లేసుల కంటే జిప్పో, పక్కల ఎలాస్టిక్కో మేలు. లేసులే ఉంటే చివర్లు లోపలికి దోపేయండి.

కొనడానికి సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. స్వారీకి వేసుకునే సాక్సులే తొడుక్కుని వేసి చూడండి. షాపులో నడిచి చూస్తే సరిపోదు. ఒక మెట్టు అంచు మీద పాదం ముందుభాగం ఆనించి, మడమని కిందికి దించండి. గుర్రం మీద పాదం ఉండేది అలాగే. అప్పుడు చీలమండ ముందు తోలు కోసుకున్నట్టుందా? వేళ్లు ముందుకి గుచ్చుకుంటున్నాయా? మడమ లోపల పైకి లేస్తోందా? ఈ మూడింట్లో ఏది ఉన్నా ఆ జత పక్కన పెట్టేయండి.

పొడవు బూట్లకి వెళ్లే రోజు వస్తే కుర్చీలో మోకాలు తొంభై డిగ్రీలు వంచి కూర్చుని, నేల నుంచి మోకాలి వెనక మడత దాకా, పిక్క బాగా లావున్న చోట చుట్టూ కొలవండి. రెండు కాళ్లూ కొలవాలి, చాలామందికి తేడా ఉంటుంది. కొత్త తోలు వాడేకొద్దీ చీలమండ దగ్గర మడతలు పడి కిందికి దిగుతుంది కాబట్టి మొదట కాస్త పొడవుగా అనిపించినా ఫర్వాలేదు. ఏ బూట్లైనా ముందు ఇంట్లో రోజూ కాసేపు వేసుకుని అలవాటు చేసుకున్నాకే గుర్రం ఎక్కండి. బొబ్బ లేచిన మడమని ఎవరూ కిందికి దించి ఉంచలేరు, మడమ పైకి లేస్తే పాదం ముందుకి జారుతుంది.

క్లాసు అయ్యాక బూట్లని తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి, గుర్రం చెమట తోలుని, కుట్లని తినేస్తుంది. తుడిచేటప్పుడే బూటు తిరగేసి హీలు ముందు అంచు మీద బొటనవేలు పెట్టి రాసి చూడండి. అంచు తగలకుండా వేలు జారిపోతోందంటే, వచ్చే క్లాసులోపు చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర కొత్త హీలు వేయించండి.