రైడర్ కప్‌పై పందెం: అర పాయింటు దగ్గర తప్పే లెక్కలు

వారం వారం జరిగే గోల్ఫ్ టోర్నీలో వంద మందికి పైగా ఉన్న గుంపులోంచి ఒక్కడిని పట్టుకోవాలి. రైడర్ కప్‌లో ఉన్నవి రెండే జట్లు కాబట్టి పని సులువనిపిస్తుంది. చిక్కల్లా మూడో ఫలితంతోనే. మ్యాచ్ సమం కావచ్చు, పూట సమం కావచ్చు, ఏకంగా కప్పే సమం కావచ్చు. సమం అయితే మన డబ్బు ఏమవుతుందో ముందే చూసుకోకపోతే, కప్పు మన జట్టు ఎత్తుకున్నా పందెం మాత్రం పోతుంది.

పందెం చట్టబద్ధమైన చోట, లైసెన్సున్న సంస్థలో, తగిన వయసు ఉన్నవాళ్ల కోసం రాసిన సంగతులివి. మీరున్న చోట నిషేధం ఉంటే ఈ లెక్కలు ఆట చూసేటప్పుడు పనికొస్తాయి, అంతే.

రైడర్ కప్‌లో యూరప్, అమెరికా తలపడతాయి. జట్టుకు 12 మంది. శుక్ర, శనివారాల్లో పూటకు 4 చొప్పున మొత్తం 16 జంట మ్యాచ్‌లు, ఆదివారం 12 సింగిల్స్, అంటే ఒకరితో ఒకరు తలపడే మ్యాచ్‌లు. మ్యాచ్‌కు ఒక పాయింటు, సమమైతే చెరి అర. మొత్తం 28లో గెలుపుకు 14.5 కావాలి. 14-14 అయితే కప్పు కిందటిసారి గెలిచినవాళ్ల దగ్గరే ఉంటుంది. మహిళల సొల్‌హైమ్ కప్‌దీ ఇదే లెక్క; 2023లో అది 14-14తో ముగిసి యూరప్ దగ్గరే ఉండిపోయింది. అమెరికాకూ, యూరప్ మినహా మిగతా ప్రపంచానికీ మధ్య జరిగే ప్రెసిడెంట్స్ కప్‌లో ఇప్పుడు 30 మ్యాచ్‌లు, గెలుపుకు 15.5.

ధర చదవడం

బుకీ దగ్గర దాదాపు ఒకేలా కనిపించే రెండు పందేలుంటాయి. ఒకటి "విజేత ఎవరు": ఇందులో టై విడి ఫలితం, టై అయితే రెండు జట్ల మీద పెట్టినదీ పోతుంది. రెండోది "కప్పు ఎవరికి": ఇందులో టై అయితే కప్పు ఉన్న జట్టు గెలిచినట్టే.

ఉదాహరణకు విజేత పందెంలో అమెరికా 1.80, యూరప్ 2.30, టై 12 ఉన్నాయనుకుందాం. 1.80 అంటే 100 పెడితే అసలుతో కలిపి 180. ఒక్కో ధరతో 100ను భాగిస్తే 55.6, 43.5, 8.3 వస్తాయి. కలిపితే 107.4. వందకు పైన ఉన్న ఆ 7.4 బుకీ వాటా. ప్రతి అంకెనూ 107.4తో భాగిస్తే అసలు అవకాశాలు తేలతాయి: అమెరికా 51.7 శాతం, యూరప్ 40.5, టై 7.8. కప్పు యూరప్ దగ్గర ఉందనుకోండి. 40.5కు 7.8 కలిపితే 48.3, అంటే "కప్పు ఎవరికి" పందెంలో యూరప్‌కు న్యాయమైన ధర 2.07. అంతకన్నా ఎక్కువ ఇస్తున్నారంటే ఆలోచించవచ్చు, 1.90 ఇస్తుంటే వదిలేయాలి.

టై మీద పందేనికి చాలామంది పెద్ద ధర చూసి మురిసిపోతారు. జట్లు సరిసమానమని, ఒక్కో మ్యాచ్ సమమయ్యే అవకాశం 12 శాతమని అనుకుని లెక్క కడితే 14-14 వచ్చే అవకాశం సుమారు 8 శాతం, న్యాయమైన ధర 12 పైచిలుకు. జట్ల మధ్య తేడా పెరిగేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. 2025 వరకు జరిగిన 45 రైడర్ కప్‌లలో టైలు రెండే, 1969లోనూ 1989లోనూ. ధర 10కి పడిపోతే అటు చూడక్కర్లేదు.

ఏ పూట ఏ ఆట

అసలు పని ఇక్కడుంది. ఫోర్‌సమ్స్‌లో ఇద్దరికీ కలిపి ఒకే బంతి, షాట్ మార్చి షాట్ కొడతారు. బేసి హోల్స్‌లో ఒకరు, సరి హోల్స్‌లో మరొకరు టీ (హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోటు) నుంచి మొదలుపెడతారు. ఒకరు రఫ్‌లోకి, అంటే పక్కనున్న ఎత్తు గడ్డిలోకి కొడితే అక్కడి నుంచి తీయాల్సింది జోడీ. కాబట్టి ఫెయిర్‌వే (మధ్యలోని పొట్టి గడ్డి దారి) తప్పనివాళ్లు, ఒకరి ఆటకు ఒకరు అలవాటు పడ్డవాళ్లు కావాలి. ఫోర్‌బాల్‌లో ఎవరి బంతి వాళ్లది, మంచి స్కోరు ఒక్కటే లెక్కకొస్తుంది. ఒక హోల్‌లో ఒకడు పూర్తిగా చెడగొట్టినా నష్టం లేదు, బర్డీలు కొట్టేవాడు, అంటే నిర్ణీత షాట్ల కన్నా ఒకటి తక్కువలో హోల్ ముగించేవాడు దొరికితే చాలు. మామూలు టోర్నీ ర్యాంకింగ్ చూసి రెండింటికీ ఒకే జంటను మెచ్చుకోవడం తప్పు.

మైదానాన్ని తనకు అనుకూలంగా మలచుకునేది ఆతిథ్య జట్టే. 2018లో పారిస్ దగ్గరి ల గోల్ఫ్ నాసియోనాల్‌లో ఫెయిర్‌వేలు ఇరుకు, రఫ్ దట్టం. శుక్రవారం ఉదయం ఫోర్‌బాల్‌లో అమెరికా 3-1తో ముందుకెళ్లింది. మధ్యాహ్నం ఫోర్‌సమ్స్‌లో యూరప్ 4-0తో ఊడ్చేసి, చివరికి 17.5-10.5తో గెలిచింది. ఉదయం స్కోరు చూసి అమెరికా మీద ఎగబడ్డవాళ్లు ఆట మారుతోందన్న సంగతి గమనించలేదు. 2024 ప్రెసిడెంట్స్ కప్ ఇంకా విడ్డూరం: గురువారం ఫోర్‌బాల్ 5-0తో అమెరికాది, శుక్రవారం ఫోర్‌సమ్స్ 5-0తో ఇంటర్నేషనల్ జట్టుది, అంటే మిగతా ప్రపంచానిది. ఒక పూట స్కోరు చూసి తర్వాతి పూటా అలాగే సాగుతుందనుకోకూడదు. తర్వాతి పూట ఏ పద్ధతో, జంటలెవరో ప్రకటించాకే ధర చూడాలి.

పూట విజేత పందెంలో 2-2ను మరవొద్దు. పై లెక్కలాగే సమాన జట్లనుకుంటే అది దాదాపు 26 శాతం, న్యాయమైన ధర 3.85 దగ్గర.

సొంతగడ్డ బలం నిజమే, కానీ దాని ధర ముందే పెరిగిపోయి ఉంటుంది. 2014 నుంచి 2023 వరకు ఐదుసార్లూ ఆతిథ్య జట్టే గెలిచింది, అదీ 5 నుంచి 10 పాయింట్ల తేడాతో. 2025లో అమెరికాలోని బెత్‌పేజ్‌లో యూరప్ 15-13తో ఆ వరస తెంచింది. ఇలాంటి తేడాలు చూసి హ్యాండిక్యాప్ పందేలకు (ఇన్ని పాయింట్లకు మించిన తేడాతో గెలవాలన్న పందేలకు) వెళ్లేవాళ్లు, ఆదివారం ఏం జరగవచ్చో కూడా ఆ బెత్‌పేజ్‌లోనే చూడాలి. శనివారం రాత్రికి యూరప్ 11.5-4.5, అంటే 7 పాయింట్ల ఆధిక్యం. సింగిల్స్‌లో అమెరికా 8.5-3.5తో విరుచుకుపడింది. శనివారం రాత్రి "యూరప్ మైనస్ 5.5", అంటే యూరప్ 5.5కు మించిన తేడాతో గెలుస్తుందన్న పందెం కొన్నవాళ్లకు మిగిలింది ఏమీ లేదు.

మ్యాచ్ పందెం, సమం, రద్దు

ఒక్కో మ్యాచ్‌కు రెండు రకాల ధరలుంటాయి. మూడు ఫలితాల ధర పెద్దది, కానీ సమమైతే డబ్బు పోతుంది. రెండు ఫలితాల ధర చిన్నది, సమమైతే పెట్టింది వెనక్కొస్తుంది. బెత్‌పేజ్ సింగిల్స్‌లో ఆడిన 11 మ్యాచ్‌లలో 4 సమం.

పన్నెండోది అసలు జరగనే లేదు. యూరప్ ఆటగాడు హోవ్‌లాండ్ మెడ నొప్పితో తప్పుకోవడంతో అమెరికా కెప్టెన్ ముందే కవరులో రాసి ఉంచిన హారిస్ ఇంగ్లిష్ ఆడకుండానే చెరి అర పాయింటు దక్కింది. మొదలుకాని మ్యాచ్ మీద పందేన్ని సాధారణంగా రద్దు చేసి డబ్బు తిరిగిస్తారు. జట్టు స్కోరు పందేలకు మాత్రం ఆ అర పాయింటు లెక్కలోనే. మీ బుకీ నిబంధనల్లో ఈ రెండూ ఎలా రాశారో గురువారం నాడే చదవండి.

ఎక్కువ పాయింట్లు ఎవరికి

ఈ పందెంలో ప్రతిభ కన్నా ఎన్ని మ్యాచ్‌లు ఆడతాడన్నది ముఖ్యం. గరిష్ఠం 5. నాలుగు పూటలూ దింపుతారని నమ్మకమున్న ఆటగాడినే చూడాలి. 3 మ్యాచ్‌లే ఆడేవాడు అన్నీ గెలిచినా 3 దగ్గరే ఆగుతాడు. ఇంకో తిరకాసు, పాయింట్లు కలిసిపోతే డబ్బు కోసేస్తారు. ధర 8 మీద 100 పెట్టారు, ముగ్గురు సమానంగా నిలిచారు. మీ పందెం 33.33గా లెక్కించి 266.67 ఇస్తారు, 800 కాదు. కాబట్టి తెరమీద కనిపించే 8ని 8 అనుకోకండి, సగానికి తగ్గించుకుని లెక్కేసుకోవడం మేలు.

మొత్తంగా పందేనికి పక్కన పెట్టిన డబ్బులో ఒక్కో పందేనికి 1 నుంచి 2 శాతం దాటొద్దు. మూడు రోజుల్లో 28 మ్యాచ్‌లు. ఉదయం పోయింది మధ్యాహ్నం లాగేద్దామన్న ఆత్రం ఇక్కడ త్వరగా పుడుతుంది. అలా అనిపించిన పూట ఆట చూసి ఊరుకోండి.

ఆదివారం

సింగిల్స్ వరసను కెప్టెన్లు ఒకరి జాబితా ఒకరికి తెలియకుండా శనివారం సాయంత్రం ఇస్తారు. వెనకబడ్డ జట్టు బలమైనవాళ్లను ముందు దింపుతుంది, కాబట్టి మొదటి గంటన్నరలో బోర్డంతా ఆ జట్టు రంగే కనిపించడం మామూలే. లైవ్ ధర దానికి అతిగా కదులుతుంది. ముందున్న జట్టుకు ఇంకా ఎన్ని పాయింట్లు కావాలో, చివరి నాలుగైదు మ్యాచ్‌లలో ఎవరున్నారో కాగితం మీద రాసుకుని చూడండి.

కప్పు తేలిపోయాక మిగిలిన మ్యాచ్‌ల మీద కొత్తగా ఏమీ పెట్టొద్దు. 2012లో అమెరికాలోని మెడైనాలో యూరప్ ఆటగాడు కేమర్ పట్‌తో (బంతిని గుంటలోకి దొర్లించే షాట్‌తో) యూరప్‌కు 14 పాయింట్లు వచ్చి కప్పు వాళ్ల దగ్గరే ఉండిపోయింది. చివరి మ్యాచ్‌లో 18వ హోల్‌కు వచ్చేసరికి అమెరికా ఆటగాడు టైగర్ వుడ్స్ ఒక హోల్ ఆధిక్యంలో ఉన్నాడు. అది నిలబెట్టుకుంటే 14-14. అతను చిన్న పట్ తప్పాడు, ప్రత్యర్థి మోలినారీ పట్‌ను కొట్టకముందే పడ్డట్టు ఒప్పేసుకున్నాడు. మ్యాచ్ సమం, స్కోరు 14.5-13.5. టై మీద పెట్టినవాళ్ల డబ్బు ఆ ఒక్క ఊరకే ఇచ్చిన పట్‌తో పోయింది.